ధాన్యమా, రొక్కమా? కోలారు సీమలో ధాత కరవు మొదలు గృహలక్ష్మి వరకు

కోలారు సీమ చరిత్రను వ్రాసినవారు గంగరాజుల నాటి శాసనములను, కోలారమ్మ దేవాలయమును, ఆవనిలోని రామలింగేశ్వరాలయమును, హైదరలీ పుట్టినయూరని చెప్పబడు బూదికోటను, తుదకు బంగారు గనులను విశేషముగా వర్ణించియున్నారు. అది తగియేయున్నది. ఆ గనులనుండి వెలికిదీసిన బంగారమే ఎనిమిదివందల టన్నుల పైమాట. కాని ఆ నేలమీదనే రాగిసంకటి తిని బ్రతికిన కుటుంబము చేతికి రొక్కము ఎన్నడు వచ్చెను, ఎవరి పేర వచ్చెను, వచ్చి యేమి చేసెను అను ప్రశ్న ఆ గ్రంథములలో మిక్కిలి అరుదు. ఈ వ్యాసమున నేను పరిశీలింపదలచినది ఆ ప్రశ్నను మాత్రమే.

బీదకుటుంబమునకు చేయు సాయము ధాన్యముగా నుండవలెనా, రొక్కముగా నుండవలెనా యను తగవు మన కాలమున పుట్టినది కాదు. 1877 లో కరవు అధికారులు దానిని తర్కించిరి. 2023 లో కర్ణాటక ప్రభుత్వము మరల తర్కింపవలసి వచ్చెను. నడుమ నూటనలుబదియారు సంవత్సరములు గడచినవి. ఈ రెండు కొసలను కలిపి చూచినప్పుడు నాకు తోచినది ఇది: రొక్కము చేయు మేలు దాని మొత్తమునందు కంటె, అది వచ్చు దినమునందును, అది ఎవరి పేర వ్రాయబడినదో ఆ పేరునందును, ఆనాటి అంగడి ధరయందును ఎక్కువగా నున్నది.

మన పెద్దలు ‘ధాతు కరవు’ అని చెప్పుకొనునది ధాత, ఈశ్వర నామ సంవత్సరములలో, అనగా 1876 మొదలు 1878 వరకు, దక్షిణదేశమును దహించినది. కోలారు జిల్లాకు జీవనది లేదు. పాలారు, పినాకినులు చేరువనున్న నంది కొండల ప్రాంతమున పుట్టినను ఏడాది పొడుగున పారవు. చెరువులే ఆధారము, చెరువులకు వానయే ఆధారము. 1875 లో వాన తగ్గెను. 1876 లో రెండు ఋతుపవనములును తప్పెను. మైసూరు రాజ్యము ఆనాడు ఆంగ్లేయ కమిషనరు పాలనలో నుండెను. 1881 లో గాని అది ఒడెయరులకు తిరిగి దక్కలేదు. 1871 జనగణనలో ఆ రాజ్యపు జనసంఖ్య 50,55,412. 1881 లో 41,86,188. పెరుగవలసిన జనము పదియేండ్లలో ఎనిమిదిన్నర లక్షలకు మించి తగ్గిపోయెను. మిక్కిలి దెబ్బతిన్నవి తూర్పు జిల్లాలు. వానిలో కోలారు ఒకటి.

ఇందొక విపరీతము కలదు. 1864 నాటికే జోలారుపేట నుండి బెంగుళూరు దండుకు రైలు నడచుచుండెను. మదరాసు రేవున దిగిన ధాన్యము ఆ దారిన కోలారు జిల్లా నడుమగుండనే పోవుచుండెను. నేటి బంగారుపేట ఆనాడు బౌరింగుపేట. చీఫ్ కమిషనరుగా నుండిన బౌరింగు దొర పేరిట ఏర్పడిన స్టేషను. ధాన్యము చాలలేదనుట ఎంత నిజమో, ఉన్నదానిని కొనుటకు దుడ్డు లేదనుటయు అంత నిజము. (మన సీమలో రొక్కమును నేటికిని దుడ్డు అనియే యందురు, అది పాత మైసూరు రాగినాణెము పేరు. నాణెము పోయినది, మాట నిలిచినది.) పంట పోయెను కనుక కూలి పోయెను; కూలి పోయెను కనుక కొను శక్తి పోయెను. అమర్త్య సేన్ 1981 లో ప్రకటించిన గ్రంథమున కరవులను గూర్చి ప్రతిపాదించిన సిద్ధాంతమునకు ఇంతకంటె దగ్గరి దృష్టాంతమును మన జిల్లావారు వెదుకనక్కరలేదు.

1877 జనవరిలో భారత ప్రభుత్వము సర్ రిచర్డు టెంపుల్‌ను దక్షిణమునకు పంపెను. ఆయన నిర్ణయించిన కూలికి ‘టెంపుల్ కూలి’ యని పేరు వచ్చినది. మగవానికి దినమునకు ఒక పౌను ధాన్యపు విలువయు, దానిపై ఒక అణాయు. ఆడవారికిని పిల్లలకును అంతకంటె తక్కువ. మట్టి త్రవ్వి మోయు శరీరమునకు ఇది చాలదని మదరాసు శానిటరీ కమిషనరైన డాక్టరు కార్నిష్ గట్టిగా వాదించెను. ఆ వాదము మూలమున మదరాసు ప్రభుత్వము కొన్ని నెలలకు ఆ కొలతను పెంచినది. ఇచట మనము గమనింపదగిన సూక్ష్మ మొకటి యున్నది. కూలిని నాణెములలో ఇచ్చినను, లెక్క మాత్రము ధాన్యముతో కట్టిరి. ఆ లెక్క చొప్పున ధర పెరిగినకొలది నాణెముల సంఖ్యయు పెరుగవలెను. కాని అంగడిలో ధర మారిన వారముననే కచేరిలో కూలి మారునను నమ్మకము ఎవరికిని లేదు. నాణెము కదలదు, ధర కదలును; ఆ రెంటి నడుమ చిక్కినది కూలివాని కడుపు.

మరియొక మార్గము గంజి కేంద్రములు. మైసూరు రాజ్యమున వీనిని విస్తారముగ తెరచిరి. వండిన అన్నమునకు ధర హెచ్చుతగ్గులు లేవు. దానిని దారిలో దొంగిలించువాడును తక్కువ. కాని జనము గుంపులుగా చేరినచోట కలరా చేరెను. పరుల చేతి వంట తినరాదను ఆచారముచే చచ్చిననైన పోనివారును కలరు. ఇల్లు విడిచి గంజికై పోయిన కుటుంబము మరల తన పొలమునకు వచ్చుట యెట్లు? 1877 సెప్టెంబరులో గవర్నరు జనరల్ లిట్టన్ వచ్చి పోయిన పిమ్మట చార్లెసు ఎలియట్ మైసూరునకు కరవు కమిషనరుగా నియమింపబడెను. పని చేయగలవారిని గంజి కేంద్రములనుండి తప్పించి, బెంగుళూరు–మైసూరు రైలుకట్ట వంటి పెద్ద పనులకు పంపిరి. ముళబాగలు కూలివానికి ఆ రైలుకట్ట ఎంత దూరమో పటము చూచినవారికి తెలియును.

ఈ కరవు చరిత్రలో నన్ను మిక్కిలి ఆకర్షించినది దాని తుది భాగము. 1877 ఆగస్టులో మదరాసు పౌరులు సభ చేసి విన్నపము పంపగా లండను మేయరు ‘మాన్షన్ హౌస్ నిధి’ని తెరచెను. మదరాసులో ఆ నిధి సంఘమునకు కార్యదర్శిగా నుండిన విలియం డిగ్బీ అను పత్రికాసంపాదకుడు 1878 లో రెండు సంపుటముల గ్రంథము వ్రాసి ఆ వృత్తాంతమును మనకు నిలిపెను. ఆ నిధినుండి మైసూరునకును భాగము వచ్చెను. ప్రభుత్వము ప్రాణము నిలుపుటకు మాత్రమే పూనుకొనగా, ఈ నిధి బ్రతుకు నిలుపుటకు పూనుకొనెను. రైతులు ఎద్దులను పోగొట్టుకొనియుండిరి, విత్తులను తినివేసియుండిరి, తలుపులను, ఇంటి దూలములను సైతము అమ్ముకొనియుండిరి. ఎద్దులకు, విత్తులకు, ఇంటికప్పునకు ఇంతయని రొక్కముగ సాయము చేసిరి. అది అప్పు కాదు, తీర్చనక్కరలేదు. మన సీమలో బీదకుటుంబమునకు నేరుగ ఇచ్చిన రొక్కపు సాయమునకు ఇది తొలి పెద్ద దృష్టాంతమని నేను భావించుచున్నాను. వాన వచ్చినది, ధర దిగుటకు మొదలిడినది, విత్తు వేయవలసిన అదనుకు దుడ్డు చేతికి వచ్చినది. అదే దుడ్డు ఏడాది ముందు వచ్చియుండిన రాగుల వర్తకుని పెట్టెలోనికి పోయియుండును. అయినను ఒక కొరత కలదు. ఎద్దు, విత్తు అను లెక్కలో పొలము గలవాడే కనబడును. పొలము లేని కూలివాడు కరవున ముందు చచ్చినవాడు, సాయమున వెనుక నిలిచినవాడు.

ఈ పాఠమునుండి ప్రభుత్వము గ్రహించినది అప్పు మాత్రమే. 1883, 1884 సంవత్సరముల చట్టములతో బ్రిటిషు ఇండియాలో తక్కావి ఋణములు స్థిరపడినవి. ఎలియట్ కార్యదర్శిగా పనిచేసిన కరవు సంఘము 1880 లో ఇచ్చిన నివేదికనుండి కరవు నిబంధనలు పుట్టినవి. మరల దానముగ రొక్కము పల్లెకు వచ్చుటకు ఎనుబది యేండ్లకు పైగా పట్టినది.

ఆ నడుమకాలమున కోలారు పల్లెకు రొక్కము తెచ్చినది గని. 1880 లో జాన్ టేలర్ కంపెనీవారు ఇచట అడుగు పెట్టిరి. అదే 1880 లో తపాలా శాఖ మనియార్డరు పద్ధతిని చేపట్టెను. ఈ రెండు సంగతులకును సంబంధము లేదు; కాని రెండును ఒకేసారి వచ్చుట మన పల్లెలకు కలిసివచ్చెను. మారికుప్పము, చాంపియన్ రీఫ్, ఊరుగాము, నందిదుర్గము గనులలో దిగినవారు అధికులు ఉత్తరార్కాడు, చిత్తూరు, కోలారు పల్లెలవారే. వారిలో తమిళులు ఎక్కువ, తెలుగువారు గణనీయులు. వాన కురిసినను కురియకున్నను నెల తిరుగగనే వచ్చు దుడ్డు వారికి అదియే మొదలు. నేలలోపల రాయి పేలునను భయము, ఊపిరితిత్తులలో రాతిదుమ్ము పేరుకొను రోగము ఆ దుడ్డునకు వెల. 1930 లో గని కార్మికులు ఒక విచిత్రమైన కారణముపై సమ్మె చేసిరి: కంపెనీ వారి వ్రేలిముద్రలను నమోదు చేయనెంచగా వారు ఒప్పుకొనలేదు. వ్రేలిముద్ర దొంగకు వేయించునది గాని కష్టజీవికి కాదని వారి తలంపై యుండును. ఈ సంగతిని చదువరులు కొంచెము జ్ఞాపకముంచుకొందురు గాక.

2001 ఫిబ్రవరి 28 న గనులు మూతపడినవి. వేలకొలది కుటుంబములకు పరిహారముగ ఒక్కమారు పెద్ద మొత్తము నిర్ణయమైనది. దానిపై వివాదములు న్యాయస్థానములకు పోయినవి. నెలనెలకు వచ్చు దుడ్డునకు అలవడిన ఇంటికి ఒక్కమారు వచ్చు మొత్తము వేరు జాతిది. అందు కొంత పాత బాకీలకు, కొంత ఆడపిల్ల పెండ్లికి, కొంత వైద్యమునకు పోవును. మిగిలినది బిడ్డల చేతికి ఇచ్చుటకు రైలు పాసు. మారికుప్పము నుండి బెంగుళూరునకు తెల్లవారక మునుపే పోవు రైళ్ళలో నిలుచుండి పోవువారిని చూచినవారికి ఈ భేదమును వివరింపనక్కరలేదు. సంవత్సరమునకు సరిపడు మొత్తమును ఒకే దినమున ఇచ్చుటయు, పండ్రెండు భాగములుగ ఇచ్చుటయు గణితమున సమానము, గృహస్థధర్మమున కాదు.

మైసూరు రాష్ట్రమున వృద్ధాప్య వేతనము 1965 లో మొదలైనది. ఇదే మనియార్డరు మార్గమున పల్లె ముసలివారి చేతికి వచ్చెడిది. మొత్తము స్వల్పము. 2007 లో సంధ్యా సురక్షా యోజన వచ్చెను. ఆ వేతనము 2021 నాటికి నెలకు రూ. 1,200 అయినది. ఇంటిలో ముసలితల్లికి ఒక కంచము ఇంతకుమునుపును పెట్టెడివారు; కాని పింఛను వచ్చిన తరువాత ఆ కంచమును ముందు పెట్టుట నేను పలుచోట్ల చూచితిని. ఇది లెక్కలలో చేరని మార్పు.

పాడి వలన వచ్చిన మార్పు వేరొక రీతిది. చెరువులు ఎండిన సీమలో ఆవే చెరువైనది. పాల సంఘమునకు పాలు పోయువారికి రాష్ట్ర ప్రభుత్వము 2008 లో లీటరునకు రెండు రూపాయల ప్రోత్సాహధనము మొదలిడి, 2013 లో నాలుగు, 2016 లో ఐదు చేసెను. ఇది పాల ధరపై అదనముగ, నేరుగ ఖాతాకు చేరును. సకాలమున రాక నెలల తరబడి బాకీ పడిన సందర్భములును కలవు.

ఇక మన కాలపు పెద్ద ఘట్టము 2023. ఆ యేట కర్ణాటక ప్రభుత్వము అన్నభాగ్య బియ్యమును తలకు మరి ఐదు కిలోలు పెంచనెంచగా, కేంద్ర ఆహారసంస్థ నుండి ఆ బియ్యము కొనుటకు వీలు కలుగలేదు. అందుచే జులై నెల మొదలు కిలోకు రూ. 34 చొప్పున తలకు రూ. 170 రొక్కము ఇచ్చిరి. ఆగస్టు 30 న మైసూరులో గృహలక్ష్మి ప్రారంభమైనది: రేషను కార్డులో ఇంటి యజమానురాలిగ నున్న స్త్రీకి నెలకు రూ. 2,000. 2013 నాటి జాతీయ ఆహారభద్రతా చట్టము ఆ కార్డులో పెద్ద స్త్రీనే యజమానురాలిగ వ్రాయవలెనని శాసించియున్నది. పదియేండ్ల క్రిందట కార్డుపై ఊరక వ్రాసిన పేరు, పదియేండ్లకు దుడ్డు వచ్చు పేరైనది. మెక్సికోలో 1997 లో మొదలైన ‘ప్రోగ్రెసా’ పథకమువారును తల్లుల పేరనే సొమ్ము ఇచ్చిరి.

ఆ యేడే రాష్ట్రమున 223 తాలూకాలు కరవు తాలూకాలుగ ప్రకటింపబడినవి. అనగా కరవును, రొక్కమును, ధాన్యపు కొరతయు మరల ఒకేసారి కలిసిన సంవత్సరమది. 1877 ను చదివినవారికి 2023 ను పరీక్షించు అవకాశము కలిగెను.

మా పాఠశాలలో తెలుగు చదువు ఒక బాలిక తన ఇంటి పద్దులను తల్లి చెప్పగా ఒక నోటుపుస్తకమున వ్రాయుచుండును. వారిది బంగారుపేట తాలూకాలోని ఒక పల్లె. ఐదుగురు మనుష్యులు, రెండు ఆవులు, ఒక ఎకరము మెట్ట. తల్లి అనుమతితో ఆ పుస్తకమును నేను చదివితిని. ఒక మంచి నెలలో జమ ఇట్లున్నది: గృహలక్ష్మి 2,000, అన్నభాగ్య 850, అవ్వ పింఛను 1,200, దినమునకు పది లీటర్ల పాలపై ప్రోత్సాహధనము 1,500. మొత్తము 5,550. పాల ధరయు, తండ్రి కూలియు దీనికి వేరు. ఖర్చు భాగమే నాకు చదువదగినదిగ తోచెను. తొలి మూడు నెలలు గృహలక్ష్మి దుడ్డు అంతయు అంగడి అరువు తీర్చుటకు పోయినది. నాలుగవ నెలనుండి ‘అంగడి బాకీ’ అను పద్దు లేదు. అరువు లేనివానికి అంగడివాడు నిక్కమైన తూకము వేయును, ధర యడుగనిచ్చును. అరువు గలవాడు ఇచ్చినది పుచ్చుకొనవలెను. ఆరవ నెలలో అవ్వ కంటి అద్దములు. తొమ్మిదవ నెలలో నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు అసలులో కొంత చెల్లు. వేసవిలో ఆవు దాణా. బాలికను చదువు మాన్పించి బెంగుళూరు కుట్టు కర్మాగారమునకు పంపుదమను మాట ఆ యింట పుట్టి, ఆ యేట అణగినది. సారాయికి పోవునని కొందరు పట్టణవాసులు చెప్పు పద్దు అందులో లేదు. 2011–12 లో మధ్యప్రదేశములోని కొన్ని పల్లెలలో ‘సేవా’ సంస్థ యునిసెఫ్ సాయముతో షరతులు లేక నెలసరి రొక్కమిచ్చి పరిశీలించినప్పుడును సారాయి ఖర్చు పెరుగలేదని, పశువులును బడిహాజరును పెరిగినవని తేలెను.

“ఇది నా పేరిట వచ్చే దుడ్డు సార్, ఎవుర్నీ అడిగే పని లేదు” అని ఆ తల్లి నాతో అనెను. ఆమె మాటను ఈ వ్యాసభాషలోనికి మార్ప నాకు మనసొప్పలేదు.

అయితే అదే పుస్తకమున వేరొక పద్దు రెండవ యేట ప్రవేశించినది: చిన్నఋణ సంస్థకు వారపు కంతు. నెలనెల రొక్కము వచ్చు ఇల్లని తెలిసినంతనే ఇంటిముందుకు అప్పు నడచి వచ్చును. ఈ వసూళ్ళ దౌర్జన్యము రాష్ట్రమంతట పెచ్చుపెరుగగా 2025 ఫిబ్రవరిలో ప్రభుత్వము ఆర్డినెన్సు తేవలసి వచ్చెను. గృహలక్ష్మి కంతు ఒకటి రెండు నెలలు ఆలస్యమైనపుడు ఋణపు కంతు ఆలస్యము కాదు గదా. దుడ్డు వచ్చు దినము తెలియనిచో, దుడ్డు వచ్చునను నమ్మకమే అప్పునకు దారియగును.

వ్రేలిముద్ర సంగతి జ్ఞాపకముంచుకొనుడని పైన మనవి చేసితిని. 1930 లో తాతలు వేయనన్న ముద్రను నేడు మనుమలు బియ్యమునకును రొక్కమునకును తామే వేయుచున్నారు. రాతిపనిలోను మట్టిపనిలోను అరిగిన వ్రేళ్ళను యంత్రము గుర్తింపక వెనుకకు పంపుటయు కలదు. తాతలకు ముద్ర వేయుటయే అవమానము. మనుమలకు ముద్ర పడకపోవుట.

సరిహద్దునకు ఆవల నున్న మన బంధువుల సంగతియు ఒకమాట. ముళబాగలునుండి పుంగనూరు, పలమనేరు దగ్గర. 2020 జనవరి 9 న చిత్తూరులో ‘అమ్మ ఒడి’ ప్రారంభమై బడికి పంపు తల్లికి ఏడాదికి రూ. 15,000 అనగా, ఇటు తల్లులు ఆశ్చర్యముతో వినిరి; 2023 లో వంతు తారుమారై అటువారు మన గృహలక్ష్మిని గూర్చి అడుగసాగిరి. తెలంగాణలో 2018 మేలో మొదలైన రైతుబంధు ఎకరమునకు పంటకు రూ. 4,000 ఇచ్చినది, కాని పట్టా గలవానికే, కౌలుదారునకు లేదు. మాన్షన్ హౌస్ నిధికి కనబడని కూలివాడే ఈ కౌలుదారు రూపమున మరల వెనుక నిలిచెను. ఈ దోషము విషయమున గృహలక్ష్మి మేలైనది: అది పొలమును అడుగదు, కార్డును అడుగును. కార్డు లేనివారు, అత్త పేరనే కార్డు నిలిచిన వేరు కాపురపు కోడండ్రు మాత్రము బయటనే యుందురు.

2025 ఫిబ్రవరిలో కేంద్రము కిలో రూ. 22.50 కు బియ్యము ఇచ్చుటకు ఒప్పుకొనగా, రాష్ట్రము అన్నభాగ్య రొక్కమును నిలిపి మరల బియ్యమునే ఇచ్చుటకు నిర్ణయించెను. ప్రభుత్వపు లెక్కలో ఇది లాభమే. తినువారి లెక్కయు పూర్తిగ నష్టము కాదు: రూ. 34 కు అంగడిలో మంచి బియ్యము దొరకుట దుర్లభమైయుండెను, ధర పెరిగినను ఆ ముప్పదినాలుగు పెరుగలేదు. టెంపుల్ నాటి చిక్కు ఇదే. కాని కోలారు పల్లె తినునది బియ్యమొకటే కాదు. బాలిక పుస్తకమున ఆ మార్పు తరువాతి పుటలో ‘అన్నభాగ్య 850’ అను జమ లేదు. ఆ తావున ‘బియ్యము 25 కిలోలు’ అని యున్నది. ఖర్చు వైపున, ఏడాదిన్నరగా కనబడని అంగడి పేరు క్రింద, ‘రాగులు 15 కిలోలు, 600, అరువు’ అని యున్నది.